కాలు ఎప్పుడు మోపాలి, ఎప్పుడు ఎత్తాలి?

కోడూరు, అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములలో ఈ మాటలు వినుచున్న యౌవనస్థులారా, మీలో కొందరు కీర్తనలకు కంప్యూటరులో స్వరలిపి వ్రాసి, ప్రింటు తీసి కీబోర్డు వాయించాలని ఆశపడుచున్నారు. ఆ కాగితము మీద పియానో పెడలు గుర్తులు ఎట్లు పెట్టాలో ఈ పూట తెలిసికొందాము.

కాలి హార్మోనియం పెడలు గాలి కొట్టడానికి. పియానో కుడి పెడలు పని వేరు. తీగల ధ్వనిని ఆపే మెత్తని దిమ్మెలు ఉంటాయి. కాలు మోపితే అవన్నీ పైకి లేస్తాయి. మీట మీద నుండి వేలు తీసినా స్వరము మ్రోగుతూనే ఉంటుంది. కాలు ఎత్తితే ఆగుతుంది. మరి కాలు ఎత్తకుండా కార్డు మారిస్తే? హంసలదీవి దగ్గర నది నీరు సముద్రములో కలిసినట్లు పాత కార్డు, కొత్త కార్డు కలిసిపోతాయి.

దీనివలన నష్టము చిన్నది కాదు. పాట మాటలు ఆ మ్రోతలో మునిగిపోతాయి. చదువురాని పెద్దలు చెవితో విని కీర్తన నేర్చుకొంటారు. మాట వినబడకపోతే వారికి పాటే అందదు. స్వరానికీ స్వరానికీ తేడా తెలియని వాద్యము వలన ప్రయోజనము లేదనియే గదా, 1 కొరింథీయులకు 14వ అధ్యాయములో పౌలు భావము!

గుర్తులు రెండు విధములు. మొదటిది పాత పద్ధతి: కాలు మోపేచోట ఎడమచేతి గీతల క్రింద ‘పెడ్’ అని, ఎత్తేచోట నక్షత్రము. రెండవది అడ్డగీత. గీత ఉన్నంతసేపు కాలు క్రిందనే ఉండాలి. మధ్యలో ఇంటికప్పు వంటి మొన వస్తే, అక్కడ కాలు ఎత్తి వెంటనే మరల మోపాలి. కార్డులు తరచుగా మారే పాటలకు గీతయే చదువుటకు తేలిక.

ఉచితముగా దొరికే మ్యూజ్‌స్కోర్‌ను తీసుకొనండి. ‘పెడ్’ అని మామూలు అక్షరములుగా టైపు చేయవద్దు. కాగితము మీద బాగుంటుంది గాని కంప్యూటరు దానిని పెడలుగా ఎరుగదు. మొదటి స్వరము నుండి చివరి స్వరము వరకు ఎంచుకొని, ప్యాలెట్‌లోని పెడలు గీతను నొక్కండి. కొన సరిగా పడకపోతే, ఆ కొనను ఎంచుకొని షిఫ్టుతోపాటు బాణపు మీట నొక్కి జరపండి. కార్డు మారేచోట మొదటి గీతకు వాలు ముగింపు, రెండవదానికి వాలు ఆరంభము ఎంచుకొంటే రెండూ కలిసి మొన అవుతుంది.

మిడి వాద్యములకు పెడలు సంగతి తెలిపేది 64వ కంట్రోలు. దాని విలువ 64 నుండి 127 వరకు ఉంటే కాలు మోపినట్లు, 63 లేక అంతకు తక్కువైతే ఎత్తినట్లు.

ఫినాలేలో వ్రాసుకొన్నవారు ఒకటి గమనించండి. 2024 ఆగస్టులో దాని అభివృద్ధి నిలిపివేయబడినట్లు ప్రకటన వచ్చింది. మీ కీర్తనలను మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపములో భద్రపరచండి. వేరొక సాఫ్ట్‌వేరులో తెరచినప్పుడు పెడలు గీతలను ఒక్కొక్కటిగా సరిచూడండి.

చివరి మాట. గమకములతో పాడే మన రాగాల కీర్తనలకు పెడలు మితముగా వాడండి. ఒకరు వాయించగా ఒకరు వెనుక వరుసలో కూర్చొని వినండి. మాట తెలియనిచోట ఆ గీతను తీసివేయండి. మీ సంఘములోని పెద్దలు ప్రతి మాటను విని పాడునట్లు ప్రభువు మీ చేతులకును పాదములకును నేర్పు దయచేయును గాక. ఆమేన్.