ఇంటిల్లిపాదినీ కలిపే పత్రికల అంగడి

రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో, నాలుగు రోడ్ల కూడళ్ళలో తాళ్ళకు వేలాడే పత్రికలు నిన్నటి తరానికి నిత్యదృశ్యం. ఆ చిన్న దుకాణాలు నేడు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. వాటితోపాటు మన కుటుంబాలు ఏం కోల్పోతున్నాయో మనమంతా ఆలోచించాలి.

మన దేశంలో ఈ వ్యాపారం రైలు వెంట విస్తరించింది. 1844లో మద్రాసులో ఆరంభమైన హిగ్గిన్‌బాథమ్స్ దక్షిణాది స్టేషన్లలో, 1877లో అలహాబాదులో స్థాపితమైన ఎ.హెచ్. వీలర్ ఉత్తరాది స్టేషన్లలో పుస్తకాలు, పత్రికలు అమ్మే స్టాళ్ళు నడిపాయి. పుస్తకాల దుకాణమే లేని చిన్న పట్టణాలలో బస్టాండు అంగడే ఆ కొరత తీర్చింది.

తెల్లవారకముందే కట్టలు విప్పి, పత్రికలు సర్దుకుని కూర్చునే ఆ వ్యాపారికి దక్కేది కొద్దిపాటి కమీషను మాత్రమే. దినపత్రిక సాయంత్రానికే పాతబడుతుంది. పైగా అమ్మే సరుకే తగ్గిపోతోంది. 1947 జూలైలో మొదలై తరతరాల పిల్లలను అలరించిన 'చందమామ' ఆగిపోయింది. 1978 నుండి వచ్చిన 'చతుర', 'విపుల' 2021లో నిలిచిపోయాయి. పత్రికలుండే చోటును ఇప్పుడు చిప్సు పొట్లాలు, నీళ్ళ సీసాలు ఆక్రమిస్తున్నాయి.

వార్తలు ఫోనులోనే దొరుకుతుండగా ఈ విచారమెందుకని కొందరు అడగవచ్చు. ఫోను ఎవరికి నచ్చినది వారికే చూపుతుంది. ఇంట్లో నలుగురుంటే నలుగురూ నాలుగు లోకాలలో ఉంటారు. అంగడిలో అలా కాదు. హైదరాబాదులో 1949లో ప్రారంభమైన 'సియాసత్' వంటి ఉర్దూ దినపత్రికలు, తెలుగు పత్రికలు ఒకే బల్లపై పక్కపక్కనే ఉంటాయి. తాతగారు ఉర్దూలోనూ, మనవరాలు తెలుగులోనూ చదువుకునే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇద్దరికీ కావలసినవి ఒకేచోట లభిస్తాయి. ఇంటికి వచ్చిన పత్రిక చేతులు మారుతుంది. ఒకరు చదివినదాని గురించి మరొకరు అడుగుతారు, మాట కలుస్తుంది.

ఒక అంగడి నిలవడానికి పెద్ద పథకాలు అక్కరలేదు, క్రమం తప్పని కొనుగోలుదారులు చాలు. నెలకొక్కసారైనా పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్దాం. తమకు నచ్చిన పత్రికను వారినే ఎంచుకోనిద్దాం. ఆ రాత్రి భోజనాలయ్యాక అందులోని ఒక్క పుటనైనా వారిచేత బిగ్గరగా చదివించుకుని, అందరమూ కూర్చుని విందాం.