అందం పరుగందుకున్న రోజు

కదలకుండా నిలబడటమే హుందాతనం... వందేళ్లనాటి ఫ్యాషన్ ఫొటోలు చూస్తే అలాగే అనిపిస్తుంది. ఆటల ఫొటోలు తీసుకునే ఓ వ్యక్తి వచ్చి, 'పరిగెత్తు' అన్నాడు. దాంతో ఆ లెక్కే మారిపోయింది!

1933 చివర్లో ఓ రోజు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్ సముద్రతీరం. ఎముకలు కొరికే చలి. ఈత దుస్తులు, భుజాల మీద ఓ కేప్... మోడల్ లుసీల్ బ్రోకా వణికిపోతోంది. ఫొటోగ్రాఫర్ మార్టిన్ ముంకాచీది హంగేరీ. ఇంగ్లిష్ రాదు. చేతులూపుతూ ఏవేవో సైగలు చేస్తున్నాడు. కాసేపటికిగానీ అర్థంకాలేదు, తనవైపు పరిగెత్తుకు రమ్మంటున్నాడని!

ఇందులో వింతేముంది అంటారా? అంతకుముందు ఫొటోలు ఎలా ఉండేవో చూడాలి.

కలలోంచి వచ్చినట్టు...

1911లో ఎడ్వర్డ్ స్టైకెన్ ప్యారిస్ డిజైనర్ పాల్ ప్వారే గౌన్లను ఫొటోలు తీశాడు. తొలి ఆధునిక ఫ్యాషన్ ఫొటోలు అవేనంటారు చాలామంది. తర్వాత 'వోగ్' పత్రికకు బేరన్ అడాల్ఫ్ డి మేయర్ వచ్చాడు. వెనకనుంచి పడే వెలుగు, మెరిసే ముత్యాలు, అంతటా ఓ మసక... అతని ఫొటోల్లో ఆడవాళ్లు కలలోంచి దిగివచ్చినట్టుంటారు. ముట్టుకుంటే మాసిపోతారేమో అన్నంత సుకుమారంగా!

కానీ బయట లోకం అలా లేదు. 1920కల్లా అమెరికా మహిళలకు దేశమంతటా ఓటుహక్కు వచ్చింది. జుట్టు పొట్టిదైంది, గౌను అంచు పైకి జరిగింది. కార్లు నడిపారు, టెన్నిస్ ఆడారు, ఉద్యోగాలకు వెళ్లారు. ఫొటోల్లో మాత్రం చాలావరకు ఇంకా శిల్పాల్లాగే నిలబడ్డారు.

ఆ ఈత దుస్తులకూ ముందు స్టూడియోలోనే, బొమ్మ గీసిన తెర ముందు ఫొటోలు తీశారు. 'హార్పర్స్ బజార్' ఫ్యాషన్ ఎడిటర్ కార్మెల్ స్నోకి అవి నచ్చలేదు. మళ్లీ తీయాలంటూ ముంకాచీని సముద్రం దగ్గరికి తీసుకెళ్లింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లనూ మోటారు పందేలనూ ఫొటోలు తీసిన చెయ్యి అది. కదలికంటే దానికి భయం లేదు. గాలికి ఎగిరే కేప్‌తో లుసీల్ పరిగెడుతున్న ఆ ఫొటో 1933 డిసెంబరు సంచికలో వచ్చింది.

దుస్తులు వెనక్కి... ఫొటో ముందుకి!

1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ ప్యారిస్‌లో తన తొలి కలెక్షన్ చూపించాడు. బిగించిన నడుము, మీటర్లకొద్దీ గుడ్డతో కుట్టిన స్కర్టు... యుద్ధకాలపు కరవు చూసిన కళ్లకు అదో పండగ. నడుము బిగింపు చూస్తే మాత్రం మళ్లీ పాతకాలమే! అయితే ఆ ఏడాదే ఆగస్టులో రిచర్డ్ అవెడాన్ అదే డియోర్ స్కర్టును ప్యారిస్ నడివీధిలో గిర్రున తిరుగుతుండగా ఫొటో తీశాడు. దుస్తులు వెనక్కి నడిచినా ఫొటో వెనక్కి వెళ్లలేదు. 1957లో గొడుగు పట్టుకుని గెంతుతున్న మోడల్ కార్మెన్‌ని తీసి, దాన్ని ముంకాచీకి నివాళిగా ఇచ్చాడు అవెడాన్.

మరి ముంకాచీ ఏమయ్యాడు? ఒకప్పుడు అత్యధిక పారితోషికం అందుకున్న ఫొటోగ్రాఫర్లలో ఒకడు. 1963లో న్యూయార్క్‌లో చనిపోయేనాటికి చేతిలో డబ్బుల్లేవు. తర్వాత అతని ఫొటోలు ఇస్తామన్నా మ్యూజియంలు వద్దన్నాయి. 2010లో అవెడాన్ 'ఏనుగులతో డొవీమా' ఫొటో ప్రింటు ఒకటి వేలంలో 8,41,000 యూరోలు పలికింది!

ఇప్పుడు మోడల్ రోడ్డు దాటుతున్నా, గాల్లోకి ఎగిరినా మనకేమీ కొత్తగా అనిపించదు. ఆ ఆలోచన ఫ్యాషన్ పత్రికకు వచ్చింది మాత్రం ఆటల మైదానం నుంచి. ముంకాచీ ప్రాణం పోయిందీ అక్కడే... ఓ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ, గుండెపోటుతో.