ఓడ వెనక ఒక వాలు

ఫ్యాక్టరీ ఓడ అంటే మనకి చేపలు శుభ్రం చేసి ఐసులో పెట్టే ఓడలే తెలుసు. నేను చెప్పబోయేది తిమింగలాల ఓడల గురించి. వాటి కథంతా ఓడ వెనక భాగంలో కట్టిన ఒక వాలు దారి దగ్గర మలుపు తిరిగింది.

నీలి తిమింగలం బరువు వంద టన్నులు దాటుతుంది. దాన్ని చంపడం ఒక ఎత్తు, కోయడం ఇంకో ఎత్తు. అంటార్కిటిక్ వైపు వేటాడేవాళ్లు మొదట్లో దాన్ని సౌత్ జార్జియా లాంటి దీవుల రేవులకి లాక్కొచ్చేవారు. ఒడ్డున కోసేవారు, లేదా రేవులో లంగరు వేసిన ఓడ పక్కన నీళ్లలోనే కొవ్వు ఒలిచేవారు. నడిసముద్రపు అలల్లో ఆ పని సాగదు కదా! రేవులేమో బ్రిటిష్‌వాళ్లవి. లైసెన్సు తీసుకోవాలి, పన్ను కట్టాలి.

1925లో నార్వేవాళ్లు 'లాన్సింగ్' అనే పాత సరుకుల ఓడని మార్చి, నీటిమట్టం నుంచి డెక్ దాకా వెనకవైపు వాలు పెట్టారు. ఆలోచన పెట్టర్ సోర్లె అనే ఆయనది. ఇక తిమింగలాన్ని వించ్‌తో పైకి లాగేయడమే. డెక్ మీద పొడవాటి కత్తులతో కొవ్వు ఒలుస్తారు, ఎముకలు ఆవిరి రంపాలతో కోస్తారు, అన్నీ కింద బాయిలర్లలో పడేసి ఉడికిస్తే నూనె దిగుతుంది. చుట్టూ చిన్న వేట పడవలు, మధ్యలో ఇది. దీన్ని 'తల్లి ఓడ' అంటారట, ఆ పేరు నాకు మింగుడుపడలేదు. రేవుతో పని లేదు కాబట్టి లైసెన్సుతోనూ పని లేకపోయింది.

ఇంత నూనె ఎవరికి? యూరప్ వంటింటికి. హైడ్రోజన్ పట్టిస్తే నూనె నీచు వాసన పోయి గడ్డకడుతుంది. డాల్డా తయారీ పద్ధతీ అదే, కాకపోతే అది మొక్కల నూనె. తిమింగలం నూనె మార్గరిన్‌గా మారి రొట్టె మీదకెక్కింది.

1930-31 సీజన్‌లో 41 ఫ్యాక్టరీ ఓడలు వెళ్లి, నీలి తిమింగలాలనే 29,000కి పైగా చంపాయి. నూనె ఎక్కువై ధర పడిపోయింది. మరుసటి సీజన్‌కి నార్వే ఓడలు అటు వెళ్లనే లేదు. జాలిపడి కాదు, గిట్టక!

తర్వాత దేశాలన్నీ కూర్చుని సీజన్‌కి 16,000 'నీలి తిమింగలం యూనిట్లు' అని హద్దు పెట్టుకున్నాయి. ఒక నీలి తిమింగలం ఒక యూనిట్. ఫిన్ జాతివైతే రెండు, సే జాతివైతే ఆరు కలిస్తే ఒక యూనిట్. అంటే లెక్క నూనెకే. ఏ జాతి ఎంత మిగిలిందో అందులో కనబడదు. పైగా కోటా అందరికీ కలిపి ఒకటే, ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లదే. అదే నాకు అన్నిటికన్నా ఘోరం అనిపించింది.

వ్యాపారం కోసం చేసే వేటని ఆపాలని అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1982లో తీర్మానించింది. 2019లో జపాన్ ఆ సంఘం నుంచి బయటికొచ్చింది. 2024లో వేటకి బయల్దేరిన దాని కొత్త ఓడ 'కాంగేయి మారు' వెనక కూడా ఆ వాలు ఉంది.