ఆర్‌డీకిట్ లెక్క కరెక్టే.. తప్పు చేసింది నేను!

కెమిస్ట్రీకి ఇంటర్‌తోనే దండం పెట్టేసిన బ్యాచ్ నేను. ఎంసెట్ అయ్యాక పీరియాడిక్ టేబుల్ ముఖం చూడలేదు. అలాంటిది ఈ మధ్య ఒక ఆదివారం మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు పైథాన్ రాస్తావు కదా! నా దగ్గర 40 కాంపౌండ్లున్నాయి, వాటి మాలిక్యులర్ వెయిట్లు ఒక షీట్‌లో వేసిపెట్టరా" అంది. అక్క ఎంఫార్మసీ చేస్తోంది. "పది నిమిషాల పని అక్కా" అనేశాను.

అలా నాకు పరిచయమైందే ఆర్‌డీకిట్. కెమిస్ట్రీ లెక్కల కోసం ఉన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ. గ్రెగ్ లాండ్రమ్ అనే ఆయన ఒక కంపెనీలో ఉండగా దీన్ని మొదలుపెట్టారు. 2006లో కోడ్ మొత్తం బీఎస్‌డీ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేశారు. లోపల అసలు పని చేసేది సీ ప్లస్ ప్లస్, మనం రాసేది పైథాన్. అందుకే వేగంగా ఉంటుంది. మందుల కంపెనీలు కూడా వాడే టూల్ ఇది. మనకి మాత్రం 'పిప్ ఇన్‌స్టాల్ ఆర్‌డీకిట్' కొడితే వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు.

దీనికి మాలిక్యూల్‌ని ఎలా ఇస్తాం? బొమ్మగా కాదు, ఒక స్ట్రింగ్‌గా. ఆ పద్ధతి పేరు స్మైల్స్. 1980ల్లో డేవిడ్ వైనింగర్ తయారుచేశారు. ఇథనాల్ కావాలంటే 'సీసీఓ' అని మూడు అక్షరాలు రాస్తే చాలు. హైడ్రోజన్లు మనం రాయక్కర్లేదు, ఎన్ని ఉండాలో అదే లెక్కేసుకుని 46.07 అని వెయిట్ చెప్పేస్తుంది. కార్బన్‌కి ఐదు బాండ్లు పెట్టి చూశా, అస్సలు ఒప్పుకోలేదు. ఎర్రర్ మెసేజ్ చూపించి చేతికి 'నన్' ఇచ్చింది. మా ఇంటర్ లెక్చరర్ గుర్తొచ్చారు.

పని నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది. అక్కడితో ఆగుంటే బాగుండేది. నెట్‌లో చూసిన ఒక కోడ్‌లో 'సాల్ట్ రిమూవర్' అనే స్టెప్ కనబడింది. డేటా క్లీనింగ్ అంటే మంచిదే కదా అని దాన్ని కూడా కాపీ చేసి పెట్టేశాను. 40 వరుసలు, ఒక్క ఎర్రర్ లేదు. షీట్ పంపించి హాయిగా సినిమాకి వెళ్లిపోయా.

బుధవారం అక్క ఫోన్. "నువ్విచ్చిన వెయిట్‌తో సొల్యూషన్ చేస్తే రీడింగ్స్ పాతవాటి కంటే తక్కువొస్తున్నాయేంట్రా? రెండు రోజుల పని పోయింది!"

అది డైక్లోఫెనాక్ సోడియం. మన ఇళ్లలో నొప్పుల మాత్రగా తెలిసిందే. సీసా మీద లేబుల్‌లో 318.13 అని ఉంది. నా షీట్‌లో 295.14. స్మైల్స్‌లో సోడియం అయాన్‌కీ మిగతా భాగానికీ మధ్య ఒక చుక్క ఉంటుంది, అంటే రెండూ విడి ముక్కలని అర్థం. నేను పెట్టిన స్టెప్ సోడియం ముక్కని తీసి పక్కన పడేసింది. మిగిలినదాని వెయిట్ లైబ్రరీ సరిగ్గానే చెప్పింది. కానీ అక్క బ్యాలెన్స్ మీద తూచేది సోడియంతో కలిపి ఉన్న పౌడర్ కదా! 100 మిల్లీలీటర్ల 10 మిల్లీమోలార్ సొల్యూషన్‌కి 318 మిల్లీగ్రాములు వేయాల్సిన చోట 295 వేసింది. దాదాపు 7 శాతం తక్కువ.

మన భాషలో చెప్పాలంటే, బ్యాక్ కేస్ తీసి ఫోన్ తూచి, కేస్‌తో ఉన్న ఫోన్ బరువు ఇదేనని రివ్యూలో రాసినట్టు.

ఆ స్టెప్ పనికిరానిదని కాదు. రెండు మందుల స్ట్రక్చర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో పోల్చేటప్పుడు సోడియం అడ్డొస్తుంది, అప్పుడు తీసేయడమే కరెక్ట్. ఆర్‌డీకిట్‌ని ఎక్కువమంది వాడేది అలాంటి పనులకే. ల్యాబ్‌లో పౌడర్ తూచడానికి కూడా అదే కోడ్ వాడటమే నేను చేసిన బ్లండర్. అసలు ఆ షీట్ దేనికని అక్కని ఒక్క ముక్క అడిగినా తెలిసేది.

ఇప్పుడు షీట్‌లో రెండు కాలమ్స్ పెట్టాను: సాల్ట్‌తో వెయిట్, సాల్ట్ లేకుండా వెయిట్. స్ట్రింగ్‌లో చుక్క ఉంటే ఆ వరుస పసుపు రంగులోకి మారుతుంది.

మీరూ ట్రై చేయాలనుకుంటే ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ ఓపెన్ చేసి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కాకపోతే ఫోన్ కీబోర్డ్‌లో బ్రాకెట్లు టైప్ చేయడం నరకం, ముందే చెప్తున్నా. మొదట మీకు వెయిట్ తెలిసిన ఏదో ఒక మందు ఇచ్చి చూడండి. పారాసిటమాల్ అయితే 151.16 రావాలి.

అన్నట్టు, కొత్త షీట్‌లో మొత్తం ఏడు వరుసలు పసుపయ్యాయి. మిగతా ఆరూ అక్క ఇంకా తూచలేదు కాబట్టి బతికిపోయాను.