షటిల్ ఎగురు తీరు, చేయి తిరుగు తీరు

రాతిని విసిరినచో అది ఎంత వాలుగ పైకి పోవునో ఇంచుమించు అంతే వాలుగ క్రిందికి దిగును. బ్యాడ్మింటను షటిల్ అట్లు కాదు. బ్యాటు తగిలినంతనే తూటావలె దూసికొనిపోయి, కొంత దూరము పోగానే చేవ చచ్చినట్లై, దాదాపు నిట్టనిలువుగ రాలును. ఈ ఒక్క విషయమును చక్కగ గ్రహించిన విద్యార్థికి ఆటలోని దెబ్బలు సగము వచ్చినట్లే.

మౌలాలి, నాచారం, ఉప్పల్ ప్రాంతములలో ఈ ఆటను బ్యాడ్మింటను అనుటకంటె షటిల్ అనుటయే పరిపాటి. తెలుగునాట పాతతరమువారికి బ్యాడ్మింటను అన్నచో ఉన్నిబంతితో ఆరుబయట ఆడు బాల్ బ్యాడ్మింటనే. ఆ బంతి 27 మొదలు 30 గ్రాముల వరకు తూగును. షటిల్ బరువు 4.74 మొదలు 5.50 గ్రాములు మాత్రమే. రెండింటిని ఒకే తీరున కొట్టబోవువారు రెండింటికిని చెడుదురు. రైల్వే కుటుంబములకు ఈ ఆటతో చుట్టరికము ఉన్నది. 2016లో రియో ఒలింపిక్సులో రజతము, 2019లో ప్రపంచ విజేత పట్టము, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో కాంస్యము గెలిచిన పి. వి. సింధు తొలి పాఠములు నేర్చినది మౌలాలికి అంత దూరము కాని సికిందరాబాదు రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు సంస్థ కోర్టులలో, మహబూబ్ అలీ గారి వద్ద.

షటిల్‌లో 16 ఈకలు ఒక బెండు బుడిపెలో నాటబడి యుండును. బరువంతయు బుడిపెలో, గాలిని అడ్డగించు వైశాల్యమంతయు ఈకలలో ఉన్నది. అందుచేత దానిని ఎట్లు కొట్టినను క్షణములో బుడిపె ముందునకు తిరుగును. గాలి నిరోధము వేగము యొక్క వర్గముననుసరించి పెరుగును. ఎత్తునుండి జారవిడిచిన షటిల్ సెకనుకు సుమారు 6.7 మీటర్ల వేగము చేరిన పిమ్మట నిరోధము దాని బరువుతో సమానమై, అంతకుమించి వేగము పెరగదు. ఉపాధ్యాయులు దీనిని పాఠశాల మేడమీదనుండియే చూపవచ్చును. 7 మీటర్ల ఎత్తునుండి ఒక గులకరాయిని, ఒక షటిల్‌ను ఒకేసారి వదలినచో రాయి 1.2 సెకనులలో, షటిల్ సుమారు 1.5 సెకనులలో నేలను చేరును.

ఈ అంకెనుండియే మరియొక ముచ్చటైన లెక్క వచ్చును. గురుత్వమును కొంచెము ప్రక్కన పెట్టినచో, షటిల్ ప్రతి 3.2 మీటర్లకు తన వేగములో సగము పోగొట్టుకొనును. అమలాపురమునకు చెందిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్‌లో జపానులో జరిగిన పరీక్షలో గంటకు 565 కిలోమీటర్ల వేగముతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు నెలకొల్పెను. అంతటి దెబ్బయు 3.2 మీటర్ల వద్ద 282కు, 6.4 మీటర్ల వద్ద 141కి, 9.6 మీటర్ల వద్ద 70కి, సుమారు 13 మీటర్ల వద్ద 35కు దిగిపోవును. కోర్టు పొడవు 13.40 మీటర్లు. స్మాష్‌ను తిరిగి ఎత్తగలుగుట సాధ్యమగుచున్నదన్న అది గాలి చలవయే.

వేగమంతయు తొలి క్షణముననే ఈయవలసియున్నది గనుక చేయి ఎట్లు తిరుగవలెనన్నది ముఖ్యము. మణికట్టుతో కొట్టుమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట సగమే నిజము. ముంజేతిలో రత్ని, అరత్ని అను రెండెముకలు కలవు. అరచేయి పైకి తిరిగినప్పుడు అవి ప్రక్కప్రక్కన ఉండును, క్రిందికి త్రిప్పినప్పుడు రత్ని అరత్నికి అడ్డముగ వచ్చును. బలము ఎక్కువగా ఈ మెలినుండియు, భుజము లోపలికి తిరుగుటనుండియు పుట్టుచున్నది. కుడిచేతి ఆటగాడు తలమీద షటిల్‌ను కొట్టునపుడు ముంజేయి బిగిసిన మరను విప్పునట్లు తిరుగవలెను. ఎడమప్రక్క బ్యాక్‌హ్యాండు కొట్టునపుడు మరను బిగించునట్లు. మౌలాలి లోకో షెడ్డు కార్మికుల పిల్లలకు ఇంతకంటె తేలికగ చెప్పనక్కరలేదు.

పట్టు కరచాలనము చేసినట్లు వదులుగ ఉండవలెను. బ్యాక్‌హ్యాండుకు బొటనవ్రేలిని పిడి వెడల్పు ముఖముపై ఆనించవలెను. వ్రేళ్లు బిగియవలసినది షటిల్ తగులు క్షణముననే. మొదటినుండి బిగించి పట్టినచో ముంజేయి మెలి తిరుగదు. చీపురుకట్ట పట్టినట్లు గుప్పిటితో పట్టు అలవాటు ఒకసారి పాతుకొన్నచో వదలించుట కష్టము. క్లియర్, డ్రాప్, స్మాష్ అను మూడు దెబ్బలకును చేయి లేచు తీరు ఒక్కటే. తలకు కొంచెము ముందు, చేయి చాచినంత ఎత్తున తగిలించవలెను. బ్యాటు ముఖము కొంచెము పైకి వంగిన క్లియర్, క్రిందికి వంగి పూర్తి వేగముతో తగిలిన స్మాష్, చివరి క్షణమున వేగము తగ్గించిన డ్రాప్. ఎదుటివానికి ఏది వచ్చునో తెలియకుండుటలోనే దీని సొగసు ఉన్నది. నెట్ వద్ద షటిల్‌ను ప్రక్కగ రాసినట్లు కొట్టిన అది పల్టీలు కొట్టుచు పోవును. బుడిపె ముందునకు కుదురువరకు ఎదుటివాడు దానిని సూటిగ కొట్టలేడు.

ఇక మన ఊరి సంగతి. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. ఇక్కడి గాలి కాకినాడ గాలికంటె సుమారు 5 శాతము పలుచన. దానికితోడు 20 డిగ్రీల వద్దనున్న గాలికంటె 40 డిగ్రీల గాలి మరి 6 శాతము పలుచనగును. నిరోధము తగ్గును, షటిల్ ఎక్కువ దూరము పోవును. లెక్క ప్రకారము ఎత్తు ఒక్కదానివలననే పొడవైన క్లియర్ సుమారు అర మీటరు ముందుకు సాగును. కాకినాడలో గీతలోపల పడినది ఇక్కడ గీత దాటును. పిల్లవాడు ఇది తన చేతి దోషమనుకొని దెబ్బను సగములో ఆపుట నేర్చుకొనును. చేయి పూర్తిగ చాచని ఆ అలవాటు ఏండ్లకొలది వెంటాడును. తప్పు చేతిది కాదు, షటిల్ ఎంపికది.

ఎంపికకు నియమములలోనే పరీక్ష ఉన్నది. వెనుకగీత వద్ద నిలిచి, క్రిందినుండి పైకి పూర్తి బలముతో, ప్రక్కగీతలకు సమాంతరముగ కొట్టవలెను. అది అవతలి వెనుకగీతకు 53 సెంటీమీటర్లకు తక్కువ కాకుండ, 99కి ఎక్కువ కాకుండ ఇవతల పడినచో తగిన షటిల్. ఈ హద్దుల మధ్య దూరము 46 సెంటీమీటర్లే గనుక ఎత్తు తేడా ఒక్కటే ఫలితమును తారుమారు చేయగలదు. ఈకల షటిల్ డబ్బాలపై 76, 77, 78 అను అంకెలు చాలవరకు కనిపించును. అంకె పెరిగినకొలది షటిల్ దూరము పోవును. అంకెకు అంకెకు తేడా సుమారు ఒక అడుగు. ప్లాస్టిక్ షటిల్‌కు పట్టీ రంగు చూడవలెను: పచ్చ మెల్లనిది, నీలము మధ్యమము, ఎరుపు వేగమైనది. జనవరి ఉదయమున నీలముతో ఆడినవారు మే నెల సాయంకాలమున పచ్చ పట్టీది తీసి మరల పరీక్షించి చూడవచ్చును.