మాత్ర మానుటకు ముహూర్తము కలదా?



గడచిన మాఘమాసమున ఒక ఉదయము ధర్మవరము నుండి ఒక ఇల్లాలు పంచాంగము చూపించుకొనుటకు ఎర్రమంచిలోని మా యింటికి వచ్చినది. వారిది పట్టుచీరల మగ్గము గల ఇల్లు. ఏ వివాహమునకో గృహప్రవేశమునకో అనుకొంటిని. ఆమె సంచిలో నుండి ఒక మాత్రల అట్టను తీసి నా ముందుంచి, "సామీ, వీటిని నిలిపేదానికి ఒక మంచి దినం చూసి చెప్పండి" అన్నది.

రెండేండ్ల క్రిందట ఆమెకు రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగినది. కీమో, రేడియేషను కూడ ముగిసినవి. తిరుమలకు పోయి తలనీలాలిచ్చి మ్రొక్కు తీర్చుకొన్నది. "దేవుడు నయం చేసినాడు కదా సామీ, ఇంకా మాత్ర మింగితే ఆయప్పను నమ్మనట్లు కాదా?" అని ఆమె సందేహము.

ఏబది యేండ్లుగా పంచాంగము చూచుచున్నాను గాని ఇట్టి ముహూర్తము నడిగినవారు లేరు. "అమ్మా, మొదలుపెట్టమన్న డాక్టరుగారే నిలపమని చెప్పాల. ఈ దినం నా పంచాంగంలో లేదు" అంటిని. తరువాత నాకు తెలిసిన వైద్యులనడిగి, గ్రంథములు చూచి గ్రహించినదానిని ఇచ్చట విన్నవించుచున్నాను.

శేషము నిలుపరాదు

ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము మిగుల్పరాదని పెద్దలు చెప్పుదురు. వ్యాధిశేషమును అట్టిదే. అర్బుదమును నిశ్శేషముగా తొలగింపనిచో అది మరల పుట్టుననియు, మిగిలిన నిప్పువలె మనుజుని హరించుననియు సుశ్రుతాచార్యుడు చికిత్సాస్థానమున హెచ్చరించెను. పూర్వార్బుదముపై మరల పుట్టుదానికి అధ్యర్బుదమని పేరు కూడ పెట్టెను. నేటి మాత్రలు ఆయనకు తెలియవు. కాని వ్యాధి మరలివచ్చునన్న భయము ఆనాటిదే.

ఈ వ్యాధి నేడు మన దేశపు స్త్రీలలో తక్కిన క్యాన్సరులన్నిటికంటె అధికముగా కనబడుచున్నది. 2022వ సంవత్సరమున భారతదేశమున సుమారు 1,92,000 మందికి కొత్తగా సోకినట్లు అంచనా. శస్త్రచికిత్సతో కంటికి కనబడు గడ్డ పోవును. కంటికి కనబడని కణములు కొన్ని దేహమున నిద్రించుచుండవచ్చును.

మాత్ర చేయు పని

పెక్కు రొమ్ము క్యాన్సరు కణములకు ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోను ఆహారము వంటిది. ఆ కణములపై దానిని గ్రహించు తాళపు రంధ్రముల వంటి గ్రాహకములుండును. తీసిన గడ్డ ముక్కను పరీక్షించి అవి యున్నవో లేవో చెప్పుదురు. ఉన్నవారికే ఈ హార్మోను చికిత్స పనిచేయును. లేనివారికి చికిత్స వేరు. కనుక ఇరుగింటివారి మాత్ర పొరుగింటివారికి పనికిరాదు.

1896లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జి బీట్సన్, అండాశయములను తొలగించినచో కొందరు స్త్రీలలో ఈ గడ్డలు తగ్గుచున్నవని ప్రకటించెను. 1962లో ఇంగ్లండునందు డోరా రిచర్డ్‌సన్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు టామోక్సిఫెన్‌ను తయారుచేసెను. అప్పుడు వారు వెదకుచుండినది గర్భనిరోధక ఔషధమును. ఆ పనికి అది కొరగాలేదు గాని, రొమ్ము క్యాన్సరుకు గొప్ప మందైనది. అది తాళపు రంధ్రమున ఇరుక్కొన్న వేరొక చెవి వంటిది. తాను తలుపు తీయదు, అసలు చెవిని చొరనీయదు.

ముట్లుడిగిన స్త్రీలకు తరచుగా లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వంటివి ఇత్తురు. ఆ వయస్సున అండాశయములు నిలిచినను, కొవ్వు మొదలగు కణజాలములలో కొంత ఈస్ట్రోజెన్ తయారగుచుండును. ఈ మాత్రలు ఆ తయారీనే ఆపును. చెరువు తూమును మూసినచో కాలువ ఎండినట్లు.

ఎంతకాలము?

సాధారణముగా ఐదేండ్లు. ఐదేండ్లు టామోక్సిఫెన్ వాడిన గ్రాహకములు గల స్త్రీలలో, పదునైదేండ్ల కాలమున ఈ వ్యాధిచే కలుగు మరణములు సుమారు మూడింట ఒక వంతు తగ్గినట్లు వేలమంది వివరములను క్రోడీకరించి 2011లో ప్రకటించిరి. కొందరు పదేండ్లు వాడినచో ఇంకను మేలని 2012లో అట్లాస్ అను పరిశోధన చూపినది. ఐదేండ్ల చికిత్స ముగిసినవారిలోను ఇరువది యేండ్ల వరకు వ్యాధి అప్పుడప్పుడు మరలివచ్చుచున్నదని 2017లో మరియొక పరిశీలన తెలిపినది. కావున "రెండేండ్లాయెను, బాగుగనే యున్నాను" అనుట చాలదు. బాగుగ నుండుటకు ఆ మాత్రయు ఒక కారణము కావచ్చును.

మధ్యలో నిలుపుట అసలే కూడదా? సంతానము కోరు యువతులు కొంతకాలము చికిత్స చేసి, వైద్యుల పర్యవేక్షణలో రెండేండ్ల వరకు మాత్ర ఆపి బిడ్డను కని, మరల ప్రారంభించినచో, తొలి సంవత్సరములలో అదనపు ప్రమాదము కనబడలేదని 2023లో ఒక పరిశోధన వెల్లడించినది. విరామము తప్పు కాదు. వైద్యునికి తెలియని విరామమే తప్పు. మాత్ర వాడుచుండగా మాత్రము గర్భము ధరింపరాదు.

చెప్పుకొనని బాధ

ఆ ఇల్లాలు కాఫీ త్రాగిన పిదప అసలు మాట చెప్పినది. రాత్రులందు ఒంటినిండ ఆవిరులెత్తి చెమటలు పట్టి నిద్ర లేదట. కీళ్లు పట్టుకొని మగ్గము వద్ద కూర్చుండలేకున్నదట. మగ డాక్టరుకు చెప్పుటకు సిగ్గు. భక్తి మాటున దాగినది ఈ బాధయే.

ఇవి ఈ మాత్రలకు సాధారణములే, ఉపాయము కలవే. మందు మార్చవచ్చును, ఆవిరులకు వేరు మందు కలదు. నడక, వ్యాయామము కీళ్లనొప్పిని తగ్గించును. బెంగుళూరులోని వివేకానంద యోగ విశ్వవిద్యాలయము వారు రొమ్ము క్యాన్సరు రోగులపై చేసిన అధ్యయనములలో యోగాభ్యాసము ఆందోళనను తగ్గించినట్లు తేలినది. ఇది మాత్రకు తోడు మాత్రమే, బదులు కాదు. లెట్రోజోల్ వంటివి ఎముకలను పలుచన చేయును గనుక ఎముకల పరీక్ష అవసరము. టామోక్సిఫెన్ వాడువారికి ముట్లుడిగిన పిదప రక్తస్రావము కనబడినను, కాలు వాచి నొప్పి పుట్టినను, ఆయాసము కలిగినను వెంటనే వైద్యుని చూడవలెను. పసరులు, చూర్ణములు ఏవి వాడుచున్నను దాచక చెప్పవలెను.

వ్రతము, ఔషధము

ఏకాదశి నాడు మాత్ర మింగినచో ఉపవాసము చెడునా అని పలువురు అడుగుదురు. చెడదు. వ్రతభంగము కలిగింపనివి ఎనిమిది యని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. జలము, పాలు, ఫలము మొదలగు వానితో పాటు ఔషధమును వానిలో చేరినది. మ్రొక్కు తీర్చుకొనుట స్వామికి చేయు కృతజ్ఞత. మాత్ర మింగుట ఆయన ఇచ్చిన దేహమునకు చేయు రక్షణ. రెండింటికిని వైరము లేదు. ఈ వ్యాధి పాపఫలమని ఇంటి ఆడవారిని నొప్పించు మాటలును శాస్త్రసమ్మతములు కావు.

దాతలకు ఒక మనవి

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన అనంతపురము ఒకటి. నేడది ఎన్టీఆర్ వైద్య సేవ అను పేర నడచుచున్నది. తిరుపతిలో దేవస్థానము వారిచ్చిన స్థలమున టాటా ట్రస్టుల క్యాన్సరు ఆసుపత్రి 2022లో తెరచిరి. శస్త్రచికిత్సకు దారి యున్నది. కాని తరువాతి ఐదేండ్ల పాటు బస్సు చార్జీలు ఇంటివారి భారమే. టామోక్సిఫెన్ చవకయైన మందే యైనను, కూలి మానుకొని నెలనెలా పట్టణమునకు పోవుట చవక కాదు. అన్నదానము చేయు చేతులు ఒక రోగికి ఒక సంవత్సరపు ఔషధదానము చేసిన, తోడు పోవుటకు ఒక మనిషిని కుదిర్చిన, మహోపకారము.

ఆ ఇల్లాలు మరునాడే కోడలిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయి సంగతి చెప్పినది. మాత్ర ఆపలేదు. ఆవిరులకు వేరు మందిచ్చిరి. ఇప్పుడు కొంత నిద్ర పట్టుచున్నదట. కీళ్లనొప్పి ఇంకను కలదు. మూడేండ్లు మిగిలియున్నవి. డాక్టరుగారు చాలునన్ననాడు రమ్మని, ఆనాడు స్వామికి అర్చన చేయించుటకు ముహూర్తము నేనే చూచెదనని చెప్పి పంపితిని.

సర్వజనులకు ఆయురారోగ్యములు కలుగుగాక.