మీకు తెలుసా? రంగు పట్టడం గుడ్డ చేతిలోనే ఉంది

‘గబ్బర్ సింగ్’ (2012)లో పవన్ కల్యాణ్ తొడిగిన ఖాకీ లాంటి రంగు ఇంట్లో రాకపోతే అందరూ రంగు పొట్లాన్నే తిడతారు. దోషం చాలావరకు గుడ్డది. చందర్లపాడు, నందిగామ చేలలో పండే పత్తి రంగును ఇట్టే పీల్చుకుంటుంది. రియాక్టివ్ రంగు కలిపిన నీళ్లలో ఉప్పు వేస్తే రంగు నూలుకు చేరుతుంది, వాషింగ్ సోడా వేస్తే గట్టిగా పట్టుకుంటుంది. పాలిస్టర్‌కు వేరే రంగు కావాలి, మిల్లుల్లో అయితే పీడనంతో దాదాపు 130 డిగ్రీల వేడి పెడతారు. పొయ్యి మీది గిన్నెలో నీళ్లు 100 దాటవు. అందుకే పాలిస్టర్ కలిసిన చొక్కా వెలిసినట్టు తేలుతుంది. నూలు చొక్కాకైనా కుట్టుదారం సాధారణంగా పాలిస్టరే. కాలరు అంచునా, కాజాల చుట్టూ తెల్లగా మిగిలిపోతుంది.

పూర్వం పసుపుతో అద్దుకోలేదా అనొచ్చు. అద్దుకున్నారు, కానీ ఆ రంగు ఎండకు వెలుస్తుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. నిలిచే రంగుకు ఓపిక కావాలి: పెడన కలంకారీ పనివారు గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, ఆ తరవాతే రంగునీళ్లలో మరిగిస్తారు. మంచి నూలుకు మంచి రంగే వేసినా తెరతో సరిపోలడం లేదంటే, తప్పు తెరది: షూటింగు లైట్లు, ఆపైన కంప్యూటర్‌లో చేసే రంగుల దిద్దుబాటు కలిసి అసలు చొక్కా రంగునే మార్చేస్తాయి. ఫోన్‌లో బొమ్మ పెట్టుకుని పోల్చడం దండగ. తడి గుడ్డ ముదురుగా కనిపిస్తుంది గనక, అదే రకం గుడ్డపీలికకు ముందు రంగు వేసి, నీడన ఆరాక చూసుకోవాలి.